ఫరహాబాద్ సఫారీ: స్టీరింగ్ వదిలి వెనక సీట్లో కూర్చున్న డ్రైవర్ రివ్యూ

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. పులి ఫోటో ఒక్కటే మీ పని అయితే మన్ననూరు దాకా రావద్దు, మహారాష్ట్రలోని తాడోబాకు బుక్ చేసుకోండి. అడవిలో ఎవరు ఎవరికి భయపడతారు, ఎవరు ఎవరికి కబురు అందిస్తారు అన్నది తెలుసుకోవాలని ఉంటే మాత్రం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఉన్న ఫరహాబాద్ సఫారీకి రండి. ఐదు స్టార్లకు నేను నాలుగు ఇస్తున్నాను. అందులో మూడు ఒక్క గైడుకే.

నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం హైదరాబాద్–శ్రీశైలం రూటే. శివరాత్రి స్పెషళ్లు, కార్తీక సోమవారాలు, ఉగాదికి వచ్చే కన్నడ భక్తుల రద్దీ, అన్నీ చూశాను. ఈ అడవిలో ప్రతి మలుపూ నాకు గేరు లెక్కన గుర్తు. ఇక్కడ సెకండ్, అక్కడ థర్డ్, ఆ రావిచెట్టు దాటాక బ్రేకు మీద కాలు. అడవిని మాత్రం అద్దంలోంచి చూడడమే. బస్సు నిండా జనాన్ని పెట్టుకుని దుప్పుల కోసం ఆపలేం కదా. అసలు ఆ రూట్లో మాకు టెన్షన్ పులితో కాదు, గేటుతో. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య బండ్లను వదలరు. దర్శనం ఆలస్యమైందని ఎవరో ఒక కుటుంబం నింపాదిగా లడ్డూలు కొనుక్కుంటూ వస్తుంటే, ఇక్కడ డ్రైవరు గడియారం చూసుకుంటూ కూర్చోవాలి. ఆ గేటుని తిట్టుకోని డ్రైవరు మా డిపోలో లేడు. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు టైర్ల కింద పడకుండా పెట్టిన నియమం అది. ఇప్పుడు నాకు డ్యూటీ లేదు కాబట్టి, చాలా మంచి నియమం అని ధైర్యంగా చెప్పగలను.

మేం వెళ్లింది ఫిబ్రవరి చివర్లో. కారు కొడుకు నడిపాడు. నేను పక్కన కూర్చుని నోరు మూసుకున్నాను, దానికి వేరే రివ్యూ రాయాలి. వెనక కోడలు, మనవడు. కోడలు స్కూల్లో సైన్స్ టీచరు, పక్షుల పిచ్చి. మెడలో బైనాక్యులర్ లేకుండా పెళ్లిళ్లకు కూడా రాదు. మనవడికి పదేళ్లు. వాడికి కావలసింది పులి, మధ్యలో చిప్స్.

చోటు ఎక్కడంటే, హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డులో డిండి దాటి, హాజీపూర్ మీదుగా ఘాట్ ఎక్కితే మన్ననూరు. అక్కడి నుంచి అడవి మొదలు. సఫారీ బండి శ్రీశైలం రోడ్డు మీదున్న ఫరహాబాద్ గేటులోంచి లోపలికి మళ్లి, పీఠభూమి అంచున ఉన్న వ్యూ పాయింట్ దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. నిజాం కాలంలో దొరలు వేటకు వచ్చి బస చేసిన చోటు అది. నా సర్వీసు మొదట్లో అంతా ఒకటే రిజర్వు, నాగార్జునసాగర్–శ్రీశైలం అనేవాళ్లు. 1978లో అభయారణ్యం అయింది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి ఒడ్డు అమ్రాబాద్ అయింది, అవతలి ఒడ్డు పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లింది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు ఆ అవతలిదే. మనది కూడా తక్కువేం కాదు, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే.

ఇంత అడవిలో పులులు ఎన్ని? 2022 జాతీయ అంచనాలో తెలంగాణ మొత్తానికి తేలిన సంఖ్య 21. తాడోబా కోర్ ఏరియా 625 చదరపు కిలోమీటర్లే, అక్కడ పులులు దట్టంగా ఉంటాయి, రోడ్డు మీదే పడుకుంటాయి. ఇక్కడ నేల రాతిది. ఎండాకాలం వాగులు ఎండిపోతాయి, దుప్పులు పలచగా ఉంటాయి, అందుకని పులి కడుపు నింపుకోవడానికి చాలా దూరం తిరగాలి. అది ఎక్కడో కొండ అవతల ఉంటే మనకు గేటు దగ్గర కనిపించదు. "పోయిన వారం మా ఫ్రెండుకి కనిపించింది" అని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నా సర్వీసంతా విన్నాను ఆ మాట. పోయిన వారమే కనిపిస్తుంది, ఎప్పుడూ ఫ్రెండుకే.

బండి గురించి రెండు ముక్కలు, ఎందుకంటే నాకు తెలిసిన సబ్జెక్టు అదొక్కటే. పైన టాపు లేని బండి, వెనక రెండు వరుసల సీట్లు. సఫారీ డ్రైవరు కుర్రాడే కానీ చేతిలో పని ఉంది. దిగుడులో న్యూట్రల్ వేయడు, గేరులోనే దింపుతాడు. హారన్ ముట్టుకోలేదు. ఆపేటప్పుడు బ్రేకు కీచుమనకుండా ముందే వేగం తగ్గించుకుంటూ వచ్చి ఆపుతాడు. ఇది నైపుణ్యం. బస్సులో అయితే నిద్రపోయేవాళ్లు లేవకుండా ఉండడానికి పనికొచ్చేది, ఇక్కడ గడ్డిలో ఉన్న జంతువు తల ఎత్తకుండా ఉండడానికి పనికొస్తోంది. వెనక ఇరుసు మీద పడే చివరి వరుసలో కుదుపు ఎక్కువ. నడుం నొప్పి ఉన్నవాళ్లు ముందు వరుస అడగండి. మనవణ్ని మాత్రం చివరి వరుసలోనే కూర్చోబెట్టాం, వాడికి ఆ కుదుపే సఫారీ.

ఇక తోటి ప్రయాణికులు. మా ముందు వరుసలో ఒక పెద్దమనిషి, భార్యతో వచ్చాడు. ఆయన కెన్యా వెళ్లొచ్చాడు. ఆ సంగతి మాకు గేటు దాటకముందే తెలిసింది. మసాయి మారాలో సింహాలు ఎట్లా ఉంటాయో, అక్కడ జీపు పక్కనే చిరుత ఎట్లా నడిచిందో, హోటల్లో భోజనం ఎట్లా పెట్టారో చెబుతూనే ఉన్నాడు. మధ్యమధ్యలో "ఇక్కడేం లేదండీ, అంతా ఎండిపోయిన కట్టెలు" అనడం. నేను తగ్గించిన స్టార్ ఆయన పేరు మీద తగ్గించింది. సఫారీ తప్పు కాదని నాకూ తెలుసు. కానీ స్టార్లు ఇచ్చేది నేను కదా.

గైడు చెంచు కుర్రాడు, దగ్గర్లోని ఒక పెంట (చెంచుల గూడెం) వాడు. ఎక్కగానే పెద్దగా ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. కాసేపు పోయాక చెయ్యి ఎత్తాడు, బండి ఆగింది, ఇంజన్ ఆగింది. ఏమీ కనిపించడం లేదు. కెన్యా పెద్దమనిషి "ఏది, ఎక్కడ?" అన్నాడు. గైడు జవాబు చెప్పకుండా చెవి వైపు వేలు చూపించాడు.

నిజం చెప్పాలంటే, నేను ఈ అడవిలో ఇంజన్ ఆపి కూర్చోవడం బస్సు ఫెయిలైనప్పుడు తప్ప జరగలేదు. ఆ చప్పుడు ఆగాక ఎన్ని వినిపించాయో. ఎక్కడో వడ్రంగి పిట్ట కొడుతోంది. ఆకుల మీద ఏదో నడుస్తోంది, పులి అంత పెద్దగా వినిపించింది, తీరా చూస్తే అడవికోడి. ఇక్కడి అడవికోడి ఊరి కోడి రంగులది కాదు, బూడిద రంగు ఒంటి మీద మెడ దగ్గర తెల్లటి, పసుపు చుక్కలు. మన దేశంలో తప్ప ఇంకెక్కడా ఉండదట, కోడలు చెప్పింది. దాని కూత కూడా పూర్తిగా ఉండదు, మధ్యలో తెగిపోతుంది. మనవడు దాన్ని మర్నాటి దాకా కూస్తూనే ఉన్నాడు.

తర్వాత గైడు మనవడికి పాఠం మొదలుపెట్టాడు. నాకు గుర్తున్నంతలో ఆయన మాటల్లోనే రాస్తాను.

"బాబూ, చుక్కల దుప్పి పిరికిది. కొమ్మ విరిగి పడ్డా అరుస్తది. దాని మాట సగమే నమ్మాలె. కొండముచ్చు చెట్టు మీద ఉంటది, దానికి దూరం కనబడతది, అది చూసినంకనే అరుస్తది. దాని మాట ముప్పావు నమ్మొచ్చు. కణితి, అదే పెద్ద జింక, ఉంది చూడు, అది ఊరికే అరవదు. కణితి నిలబడి, కాలు నేలకు కొట్టి అరిచిందంటే అక్కడ పులన్నా ఉంటది, చిరుతన్నా ఉంటది, రేచుకుక్కలన్నా ఉంటయి."

"మరి మూడూ అరిస్తే?" అన్నాడు వాడు.

"అరిస్తే నువ్వు అరవకుండ కూసోవాలె."

ఈ ఒక్క పాఠానికి టికెట్ డబ్బులు చెల్లిపోయాయి. ఇది విన్నాక అడవి అంతా వేరేగా కనిపించింది. కాస్త దూరంలో మద్దిచెట్టు మీద కొండముచ్చుల గుంపు, దాని కిందే దుప్పులు. నేను ఇన్నేళ్లూ రోడ్డు పక్కన ఈ రెండూ కలిసి కనిపిస్తే ఏదో అలా జరిగిందనుకునేవాణ్ని. కొండముచ్చులు తినేది కొంత, రాల్చేది ఎక్కువ. రాలిన చిగుళ్లు, కాయలు కింద దుప్పులకు తిండి. దుప్పులకు వాసన పసిగట్టే ముక్కు ఉంది, పైవాళ్లకు దూరం చూసే కళ్లు ఉన్నాయి. ఇద్దరికీ గిట్టుబాటు.

రోడ్డు పక్కన కోతుల సంగతి ఇక్కడే చెప్పాలి, సఫారీకి సంబంధం లేకపోయినా. ఘాట్ రోడ్డులో కార్లు ఆపి అరటిపండ్లు, పూరీలు విసిరేవాళ్లు దయచేసి మానండి. తిండి కోసం రోడ్డు మీద కూర్చోవడం అలవాటైన కోతి, లారీ వస్తే తప్పుకోవడం నేర్చుకోదు. మలుపులో దాన్ని తప్పించబోయి డ్రైవర్ స్టీరింగ్ కోస్తే ఏమవుతుందో మీకు తెలియదు, నాకు తెలుసు. ఈ రోడ్డుకు అడవి పైనుంచి ఎలివేటెడ్ కారిడార్ కట్టాలని ప్రతిపాదన నడుస్తోంది. అది వచ్చినా రాకపోయినా పూరీలు విసరడం మాత్రం ఈరోజే ఆపొచ్చు.

ఫిబ్రవరి చివర్లో ఆకు రాలిపోయి చూపు లోపలికి వెళ్తుంది, అదొక లాభం. రెండోది మోదుగ. ఆకు ఒక్కటి లేకుండా చెట్టంతా ఎర్రటి పూలు, దాని మీద పిట్టల సంత. తేనెపిట్టలు, గోరింకలు, రామచిలుకలు, పసులపోలిగాళ్లు. పొలాల్లో గేదెల మీద కూర్చునే ఆ నల్ల పసులపోలిగాడే, అడవిలో దానికి ఇంకో పెద్ద చుట్టం ఉంది. తలమీద జుట్టు, తోకకు రెండు సన్నటి తీగలు, తీగల చివర చిన్న ఆకుల్లాంటి ఈకలు. ఎగురుతుంటే వెనక ఇంకో రెండు పురుగులు తరుముతున్నాయా అనిపిస్తుంది. ఇది మహా మాయగాడు. వేరే పిట్టల గొంతులు నేర్చుకుని అచ్చంగా దింపేస్తుంది. కోడలు ఒక గద్ద అరుపు విని బైనాక్యులర్‌తో ఆకాశమంతా వెతికింది. గైడు నవ్వి చెట్టు కొమ్మ చూపించాడు, అరుస్తున్నది ఇదే. ఉత్త సరదాకు కాదట. మిగతా పిట్టలను గద్ద పేరు చెప్పి బెదరగొట్టి, అవి వదిలేసిన పురుగును ఎత్తుకుపోవడం దీనికి అలవాటు. మా బస్టాండులో ఇట్లాంటివాళ్లను చూశాను. "దిగండి దిగండి, ఈ బస్సు పోదు" అని జనాన్ని దింపి కిటికీ సీట్లో కూర్చునేవాళ్లు.

వాగు దగ్గర ఇంకొకటి కనిపించింది, దాని కోసమైతే కోడలు మళ్లీ వెళ్తానంటోంది. తోక పిగిలిపిట్ట. ఒళ్లు మన పిగిలిపిట్ట అంతే, తల నిగనిగలాడే నలుపు, మిగతా అంతా తెలుపు, తోక ఒంటికి రెట్టింపు పొడవు. మగదానికే ఆ తోక, అదీ వయసు ముదిరాక వస్తుంది. చిన్న వయసులో వీపు, తోక ఇటుక రంగు. కొన్ని మగవి జీవితాంతం ఇటుక రంగులోనే ఉండిపోతాయి. అది వాగు మీద ఒక పురుగును పట్టి, గాలిలోనే తిరిగి, తోకను కొమ్మల్లో చిక్కు పడకుండా వెనక్కి లాక్కుని కూర్చుంది. అంత పొడుగు బండి అంత ఇరుకులో తిప్పడం చూసి నేను మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. కెన్యా పెద్దమనిషి కూడా "బాగుందే" అన్నాడు. వెంటనే కెన్యాలో దీనికంటే పెద్దది ఉందన్నాడు.

వ్యూ పాయింట్ దగ్గర బండి దిగనిస్తారు. కింద లోయ, ఎదురుగా కొండల వరసలు. పైన పాములగద్ద ఈలలు వేస్తూ గుండ్రంగా తిరుగుతోంది. రెక్కల కింద వెడల్పాటి తెల్లటి పట్టీ, దాన్ని బట్టి గుర్తుపట్టాలి. ఇదొక్కటి అయినా తల ఎత్తి చూడండి, అందరూ లోయ వైపు వీపు పెట్టి సెల్ఫీలే. రాళ్ల మధ్య పొదల్లో కోడలు గంటసేపు వెతికింది, పసుపు గొంతు పిగిలిపిట్ట కోసం. దక్షిణాది రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని పిట్ట అది, నల్లమలలో ఉంది, సంఖ్య తగ్గుతున్న జాతుల లిస్టులో ఉంది. గొంతు వినిపించిందంటుంది తను, కనిపించలేదు. ఇలాంటి చోట గంట ఇచ్చారంటే డ్రైవర్, గైడుల ఓపికే. సాధారణంగా ఇంతసేపు ఆగరు, మీ బండిలో జనం ఒప్పుకోవాలి.

ఎలుగుబంటి కనిపించలేదు, దాని పనులు మాత్రం చాలా కనిపించాయి. తవ్విపోసిన చెదపుట్టలు, చెట్టు మొదలు నుంచి పైదాకా గోళ్ల గీతలు. గీతలు తేనె కోసం ఎక్కినవి. దానికి పైదవడ ముందు పళ్లలో రెండు ఉండవు. ఆ సందులోంచి చెదలను గట్టిగా పీల్చుకుంటుంది, ఆ పీల్చే చప్పుడు దూరానికి కూడా వినిపిస్తుందట. ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలినప్పుడు అయితే తెల్లవారుజామున చెట్ల కింద దొరుకుతుందన్నాడు గైడు. పులికంటే ఎలుగుకే తమవాళ్లు ఎక్కువ జాగ్రత్తపడతారని కూడా చెప్పాడు. పులి మనిషి అలికిడికి తప్పుకుంటుంది. ఎలుగు తలొంచుకుని తవ్వుకుంటూ ఉంటుంది, మనం దగ్గరికి వెళ్లేదాకా వినదు, విన్నాక మాత్రం మీదికే వస్తుంది. వాళ్ల నాన్న తీగ తాడు పట్టుకుని బండల మీద తేనె తీసేవాడట. ఇప్పుడు ఆ తేనె, తపసి బంక గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. ఈ విషయాలు అడిగితేనే చెబుతాడు, అడగండి.

మోకాలి ఎత్తున చెట్టుకు కట్టిన కెమెరా పెట్టెలు కూడా దారిలో చూపించాడు. దారికి ఇటు ఒకటి, అటు ఒకటి. పులి కుడి పక్క చారలు ఎడమ పక్కలాగా ఉండవు, అందుకే రెండు వైపులా తీయాలి. మునుపు మట్టిలో అడుగు అచ్చు మీద అద్దం పెట్టి గీసుకుని లెక్కపెట్టేవాళ్లు. ఒకే పులిని ఇద్దరు ముగ్గురిగా లెక్కేసే అవకాశం ఉండేది. 2006 అంచనా నుంచి కెమెరాలు వచ్చాయి. ఇంకో సంగతి, హైదరాబాద్ జూలో పెంచిన మూషిక జింకలను 2017లో ఈ అడవిలో వదిలారు. కుందేలు అంత జింక. రాత్రిపూట తిరిగేది, సఫారీలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు ఘట్టం. తిరిగి వస్తుంటే కుడివైపు పల్లంలోంచి ఒక అరుపు. పాత లేలాండ్ బస్సు హారన్ ఒక్కసారి నొక్కి వదిలినట్టు. గైడు చెయ్యి లేచింది, ఇంజన్ ఆగింది. మనవడు నా మోచెయ్యి పట్టుకుని "కణితి" అన్నాడు, పెదాలతోనే. మళ్లీ అరిచింది. కాసేపటికి కొండముచ్చు అందుకుంది, ఈసారి కాస్త ముందుకు. తర్వాత దుప్పులు, ఇంకా ముందుకు. గైడు వేలుతో గాలిలో గీత గీస్తూ వచ్చాడు. ఏదో పల్లం వెంబడి నడుస్తోంది, మనం వచ్చిన దారి వైపే వెళ్తోంది. మాకు ఒక్క తోక కూడా కనబడలేదు. కానీ అది ఎక్కడుందో, ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో బండిలో అందరికీ తెలుసు. కెన్యా ఆయన మాట్లాడలేదు. ఆయన భార్య ఆయన చేతి మీద చెయ్యి వేసి ఉంచింది, దాని ప్రభావం కూడా కొంత ఉండొచ్చు.

అరుపులు ఆగిపోయాక బండి మెల్లగా కదిలింది. కొంచెం ముందుకు వెళ్లాక దారి ఇసుక మీద గైడు చూపించాడు. ఇక్కడ నా సర్వీసు పనికొచ్చింది. ఇసుక మీద టైరు అచ్చు మా బండిదే, సగం అరిగిన టైరు, పక్క గాడి ఒక చోట తెగి ఉంది, పొద్దున ఎక్కేటప్పుడే చూసుకున్నాను. అలవాటు. ఆ గాడి గీతల మీద, గీతలను చెరిపేస్తూ, గుండ్రటి అడుగులు. గోళ్ల గుర్తులు లేవు. నాలుగు వేళ్లు, వెనక మెత్త.

"పులా?" అన్నాడు మనవడు.

"చిరుత," అన్నాడు గైడు. "పులిది ఇంకా పెద్దగుంటది."

"అంటే మనం పోయినాక వచ్చిందా తాతా?"

"మన టైరు గీత తొక్కింది చూడు బిడ్డా. ముందు వచ్చి ఉంటే మన గీత దాని మీద ఉండేది."

వాడు ఇంటికొచ్చాక పులి కనబడలేదని ఒక్కసారి కూడా అనలేదు. స్కూల్లో మాత్రం చిరుత తమ బండిని వెంబడించిందని చెప్పాడట. దాన్ని నేను సరిచేయలేదు.

బస గురించి క్లుప్తంగా. మేం అడవి బయట హైవే దగ్గర ఒక ప్రైవేటు కాటేజీలో దిగాం. పేరు రాయను. గది శుభ్రంగానే ఉంది, రాత్రి పదకొండు దాకా డీజే పెట్టారు. అడవి వైపు తిప్పిన ఫ్లడ్ లైట్లు. కోడలు గుడ్లగూబలు వినాలని వరండాలో కుర్చీ వేసుకుంది, విన్నది తీన్మార్. మీరు బుక్ చేసేముందు రాత్రి పాటలు ఉంటాయా అని ఫోన్ చేసి అడగండి. ఉంటాయి అని గర్వంగా చెబితే వేరే చోటు చూసుకోండి. మన్ననూరులోనే అటవీ శాఖ కాటేజీలు ఉన్నాయి, సఫారీతో కలిపి ప్యాకేజీగా ఇస్తారు. మళ్లీ వెళ్తే మేం అందులోనే.

ఎప్పుడు వెళ్లాలి అన్నదానికి నా సలహా ఇది. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా మూసి ఉంటుంది, వానాకాలం జంతువుల జతకట్టే కాలం అని. అక్టోబర్, నవంబర్‌లో వాగులు నిండి అడవి బాగుంటుంది కానీ ఆకు అడ్డం, జంతువు పది అడుగుల్లో ఉన్నా కనబడదు. డిసెంబర్, జనవరి వలస పిట్టల కోసం వెళ్లేవాళ్లకు. జంతువులు కావాలంటే మార్చి నుంచి మే. నీళ్లు తగ్గిపోతాయి, ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్ల (నీటి తొట్ల) దగ్గరికి అన్నీ వస్తాయి. ఎండ మాత్రం చంపేస్తుంది, టాపు లేని బండి, పిల్లలతో అయితే పొద్దున ట్రిప్పే తీసుకోండి. సాయంత్రం ట్రిప్పులో వెలుగు త్వరగా పోతుంది, పిట్టలు చూడడానికి పనికిరాదు.

తెచ్చుకోవాల్సినవి: స్టీలు సీసాలో నీళ్లు, ప్లాస్టిక్ వద్దు. చలికాలం పొద్దున అయితే మఫ్లర్, తెరిచిన బండిలో చలి కోస్తుంది. ఎర్ర చొక్కా, సెంటు వద్దు. లోపల సిగ్నల్ ఉండదు, బుకింగ్ కాగితం ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. గడ్డిలోకి దిగితే పిడుదులు పడతాయి, వ్యూ పాయింట్ దగ్గర బాట మీదే నడవండి. బైనాక్యులర్ లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. ఫోన్ కెమెరా జూమ్‌లో పాములగద్ద నల్ల చుక్కగానే వస్తుంది, ఆ చుక్కలు మా ఫ్యామిలీ గ్రూపులో చాలా ఉన్నాయి.

ఒక కోరిక. బండిలో తెలుగులో పిట్టల బొమ్మల కార్డు ఒకటి పెడితే బాగుంటుంది, చాలామంది పాలపిట్ట కనబడినా గుర్తుపట్టడం లేదు. దసరాకి దాని కోసం ఊరంతా తిరిగేవాళ్లే, మన రాష్ట్ర పక్షి కూడాను, హైవే తీగ మీద తీరిగ్గా కూర్చుని ఉంటే "ఏదో కాకి" అని దాటిపోతారు.

వీలైతే ఐదారుగురు కలిసి బండి మొత్తం తీసుకోండి. ఖర్చు పెరుగుతుంది, కానీ ఎక్కడ ఆపాలో, ఎంతసేపు ఆగాలో మీ చేతిలో ఉంటుంది. గైడుని ముందే అడగండి, "మాకు పులి కాకపోయినా పర్లేదు, ఎక్కువసార్లు ఇంజన్ ఆపండి" అని. ఆ మాట వినగానే అతని మొహం మారుతుంది, చూడండి. బండి ఎక్కే మెట్టు ఎత్తుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చిన్న స్టూలు ఉందేమో అడగండి. మా ఆవిడ ఈ మెట్టు సంగతి ముందే ఎవరి దగ్గరో విని ఈసారికి రాలేదు. నవంబర్‌లో కోడలు మళ్లీ బుక్ చేస్తోంది, ఈసారి స్టూలు కారు డిక్కీలో మేమే వేసుకెళ్తున్నాం.